పచ్చడి అవతలి పక్కన

జయమణి దోసకాయ చివర కొరికి చూసి, చేదు లేదని తేల్చుకుని, తక్కినది పప్పులోకి తరిగింది. ప్రతి కాయా అలాగే కొరుకుతుంది. చేదుకాయ ఒక్కటి పడితే గిన్నెడు పప్పూ పాడవుతుంది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. బయట వరండాలో ముక్త్యాల నుంచీ పెనుగంచిప్రోలు నుంచీ వచ్చినవాళ్లు, ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుతో వరసగా కూర్చుని, ఒకరి పొలం సంగతి ఒకరు అడుగుతున్నారు.

జగ్గయ్యపేటలో ట్రస్టు వాళ్లు నడిపే కంటాసుపత్రి అది. శుక్లాల ఆపరేషనుకి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. అక్కడి వంటింట్లో జయమణికి ఇదే ఆఖరి రోజు. మోకాళ్లు నిలబడనివ్వడం లేదు. సాయంత్రానికల్లా నందిగామలో కొడుకు శాంతికుమార్ దగ్గరికి వెళ్లిపోతుంది. అతనికి బస్టాండు దగ్గర టిఫిను బండి ఉంది. కూర్చుని చట్నీకి కొబ్బరి కోరి పెడితే చాలన్నాడు. వెళ్లడం ఆమెకు ఇష్టమే. కాకపోతే ఒక్కటే లోపల గుచ్చుతోంది. తన తర్వాత వడ్డించబోయేది ఆమని.

ఆమని చురుకైన మనిషి. కీసర వైపు ఫంక్షన్ హాళ్లలో వడ్డించి వచ్చింది. చేతిలో గరిటె ఉంటే బంతి పొడుగునా గాలిలా పోతుంది. పెళ్లిళ్లలో అది గొప్పే. ఇక్కడ పద్ధతి వేరు. కూర కుడిచేతికి అందేచోట, అన్నం మధ్యలో, పచ్చడి అన్నానికి అవతలి పక్కన, మజ్జిగ గ్లాసు ఎడమవైపు. ఏ రోజైనా, ఎవరి పళ్లెమైనా అంతే. పెట్టిన తర్వాత మనిషి చెయ్యి పట్టుకుని ఏది ఎక్కడుందో చూపించాలి. ఒక కంటికి కట్టు, రెండో కంటికి పొర. పాపం, వేళ్లతోనే వెతుక్కుంటారు. కారమని తెలిసిన చెయ్యి జాగ్రత్తగా ఉంటుంది. తెలియని చెయ్యి దురద పుట్టగానే కంటి దగ్గరికి పోతుంది.

ఇది జయమణికి ఎవరూ చెప్పి నేర్పలేదు. మిరపకళ్లాల్లో తొడిమలు తీసి తీసి చేతులు మండిపోయి, నీడపట్టున పని దొరికితే చాలనుకుని వచ్చిందామె. అప్పట్లో ఆయా లూర్దమ్మ ఆమె వెనకాలే వచ్చి, మాట అనకుండా, ప్రతి పళ్లెమూ ఇటుది అటు తిప్పి పెట్టేది. జయమణికి ఒళ్లు మండేది. ఈవిడ పెత్తనం ఏమిటని, ఆవిడ తిప్పే పని లేకుండా ముందే అలా పెట్టడం మొదలుపెట్టింది. పంతానికి పట్టిన పని ఎప్పుడు మనసుకు పట్టిందో ఆమెకే తెలియదు. తమ్ముడి కూతురి పెళ్లిలో విస్తళ్ల ముందు నిలబడి, పచ్చడి అటు పక్కన వెయ్యమని వడ్డించేవాళ్లతో పోట్లాడితే బంతిలో అందరూ నవ్వారు. ఆమె పెట్టిన పళ్లెం శాంతికుమార్ కరెంటు పోయినా తడుముకోకుండా తినగలడు.

ఆమనికి తను చెప్పి చూసింది. సరే పిన్నీ అనేది, చూస్తున్నంతసేపూ అలాగే చేసేది. మొన్న గిన్నెలు తోమి తిరిగొచ్చేసరికి పళ్లేలన్నీ మళ్లీ పెళ్లిబంతిలా ఉన్నాయి. జయమణి ఒక్కొక్కటీ తిప్పి పెట్టింది. ఆమని మూతి ముడుచుకుంది.

ఆ ఆసుపత్రిలో పని మానేసే మనిషి చివరి పూట రోగుల బల్ల దగ్గరే కూర్చుని తినాలి. వడ్డనలో చెయ్యి పెట్టకూడదు. లూర్దమ్మ వెళ్లిననాడూ అంతే. మధ్యాహ్నం నర్సు సూసన్ వచ్చి జయమణి చేతిలో గరిటె తీసుకుని, తీసుకెళ్లి బల్ల ముందు కూర్చోబెట్టింది. పక్కన పెనుగంచిప్రోలు రాఘవమ్మ. పత్తీ మిరపా వేసే పెద్ద రైతు ఇంటి ఇల్లాలు. వచ్చిన పూట పక్కన కూర్చున్నది ఏ ఇంటివాళ్లని అడిగింది. రెండో పూట నుంచి అడగలేదు.

"ఎవరమ్మా పక్కన?"

"నేనేనండీ, జయమణిని."

"వంట జయమణివా? నీక్కూడా కన్ను కోసారా ఏంది?"

"లేదండీ. మోకాళ్లు పోయినయ్. ఇయ్యాల్టితో మానేస్తన్నా."

"అట్నా. ఇక రేపటి పప్పు ఎట్టా ఉంటదో."

ఆమని బల్ల ఆ చివర నుంచి మొదలుపెట్టింది. జయమణికి ఆమె వీపు తప్ప పళ్లేలు కనపడవు. లేచి చూడాలని కాళ్లు లాగాయి. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని ఊరుకుంది. రేపీ పాటికి తను నందిగామలో ఉంటుంది. ఎవరి వేలు ఎందులో పడిందో అక్కడికి తెలియదు.

గరిటె చప్పుడు మాత్రం వినపడుతోంది. అది ఇదివరకటి చప్పుడు కాదు. పళ్లేనికీ పళ్లేనికీ మధ్య ఆగుతోంది. ఆగినప్పుడు ఆమని ఏదో మెల్లగా గొణుగుతోంది.

ఆమని రాఘవమ్మ దగ్గరికి వచ్చింది. పళ్లెం పెట్టి, ముందుకు అడుగు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి దాన్ని కొంచెం తిప్పింది. మణికట్టు పట్టుకుని ఒక్కొక్కటీ తాకించింది. తర్వాత జయమణి పళ్లెం. వడ్డించి, అదే ఊపులో ఆమె చెయ్యీ పట్టుకుంది.

"ఇదిగో కూర. ఇది అన్నం. పచ్చడి అవతలి పక్కన, కారంగా ఉంటది, చూసుకో. మజ్జిగ ఎడంచేతి కాడ."

చెప్పేసి పక్క పళ్లేనికి వెళ్లిపోయింది.

రాఘవమ్మ నవ్వింది. "కళ్లున్నదానిక్కూడా చూపిస్తందే ఈ పిల్ల."

ఆమని వెనక్కి తిరిగి చూసి నాలిక కరుచుకుంది.

"చూపించనీయండి," అంది జయమణి. "బానే ఉంది."

నిదానంగా తింది. పప్పు మారు వేయించుకుంది. దోసకాయ ఒక్క ముక్కా చేదు లేదు.

రోగులు కునుకు తీసే వేళకి తన పళ్లెం తనే కడుక్కుని, సంచీ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమని చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. వెళ్లొస్తానంటే, తల ఎత్తి, మోకాళ్లు జాగ్రత్త పిన్నీ అని, మళ్లీ బియ్యంలోకి వంగింది. జయమణి గుమ్మం దిగింది. రోడ్డు మీదికి వచ్చేసరికి నందిగామ బస్సు ఆగి ఉంది. కిటికీ పక్కన చోటు దొరికింది.

వంటింటి తలుపు వెనక మేకుకి జయమణి యాప్రాన్ వేలాడుతోంది. పొట్ట దగ్గర పసుపు మరక. తల మీదుగా తీసిందేమో, వెనక ముడి విప్పలేదు, ఆమె నడుమంత మేర గుండ్రంగా అలాగే నిలిచి ఉంది.