ఓర్చుకోగలిగినంత నొప్పి

సుత్తి సంగతి దేవుడెరుగు, టీ కప్పు ఎత్తబోయినా ఫో లాకు కుడి మోచెయ్యి బయటివైపు సూదులు దిగేవి. తలుపు గడియ తియ్యాలన్నా భార్య మా న్యోను పిలవాల్సిందే. బర్మాలోని మాండలేలో బంగారురేకు సాగగొట్టే వీధిలో పుట్టినవాడికి ఇంతకన్నా అప్రతిష్ఠ ఉంటుందా!

క్లినిక్‌లో చెప్పిన జబ్బు పేరు వినగానే తోటి సుత్తివాళ్ళు పడీ పడీ నవ్వారు.

“టెన్నిస్ మోచెయ్యట! రాకెట్ ఎక్కడ దాచావురా దొరబాబూ?”

యజమాని ఊ చిట్ స్వే మాత్రం నవ్వలేదు. “దీపాల పున్నమి దాకా నీ రాయి ఖాళీగా ఉంచుతాన్రా. ఆ పొద్దున ఒక రేకుల కట్ట పూర్తిగా కొట్టి చూపించు. లేదంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటా. ఏమీ అనుకోకు” అన్నాడు.

అనుకోకుండా ఎలా ఉంటాడు? మీసాలు రాకముందే, రేకుల కట్టను ఆనించి కొట్టే ఆ రాయి ముందు నిలబడ్డాడు. అక్కణ్ణుంచి లేపేస్తే తానెవరో ఫో లాకే తెలియదు.

ఫిజియోథెరపీ చేసే న్వే ఊ వయసులో చిన్నదే గాని ఓపికున్న మనిషి. మోచేతికి జెల్ పూసి మెషిన్ తిప్పింది, నొప్పి ఉన్నచోట వేలితో అడ్డంగా రుద్దింది, కిందుగా పట్టీ బిగించింది. ఆపైన ఇంట్లో చేసే కసరత్తు నేర్పింది. కుడి ముంజేతిని బల్లమీద ఆనించి, ఆ చేత్తో నీళ్ళసీసా పట్టుకుని, ఎడంచేత్తో మణికట్టును పైకి లేపి, కుడిచేతి బలంతోనే మెల్లగా దించాలి.

“నొప్పి పుడితే ఆపెయ్యనా డాక్టరమ్మా?”

“కొంచెం పుడుతుంది, భయపడకండి. ఓర్చుకోగలిగినంత నొప్పి అయితే పర్లేదు, చెయ్యండి.”

ఆ మాట ఇంకెవరితోనైనా అని ఉంటే సరిపోయేది. బంగారం కొట్టేవాడితో అంది!

ఆ కొట్లలో గడియారం చూడరు. అడుగున చిల్లి ఉన్న కొబ్బరిచిప్పను నీళ్ళలో వదులుతారు. మునిగితే తీసి మళ్ళీ తేలుస్తారు; ఎన్నిసార్లు మునిగిందన్నదే లెక్క. కట్ట పూర్తయ్యేదాకా సుత్తి ఆగదు. నొప్పిపుట్టిందని ఆపినవాడి రేకు మందంగా ఉండిపోతుందని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే ఫో లా ఇంట్లో బేసిన్ నిండా నీళ్ళు పోయించి చిప్ప తేల్చాడు. సీసా లేపడం, దించడం. చిప్ప మునిగితే మా న్యో తీసి మళ్ళీ తేల్చేది. కళ్ళలో నీళ్ళు తిరిగితే “ఓర్చుకో అయ్యా, నయమవుతోందేమో” అనేది పాపం. పంటి బిగువున ఓర్చుకునేవాడు. ఓర్చుకోవడం తప్ప వాడికేం వచ్చు!

పున్నమి ముందురోజు న్వే ఊ ఆ మోచేతిని ఇలా తాకిందో లేదో, మనిషి కేకపెట్టాడు.

“ఏం చేశారు ఈ చేతిని?”

“మీరు చెప్పిందే చేశానమ్మా.”

“పూటకు పదిహేనుసార్లేగా చెప్పాను!”

“పదిహేనా?” ఫో లా తెల్లబోయాడు. “అదేదో మొదలుపెట్టడానికి అనుకున్నా. ఒక కట్ట కొట్టేంతసేపు చేస్తూనే ఉన్నా. ఓర్చుకోగలిగానమ్మా!”

న్వే ఊ తల పట్టుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

“నాదే బుద్ధి తక్కువ. మీలాంటివాళ్ళతో అనాల్సిన మాటేనా అది! చూడండన్నా, కండను ఎముకకు పట్టి ఉంచే తాడు పీచులు పీచులైపోయింది. మళ్ళీ మొదట్నుంచీ రావాలి. ఈలోపు సుత్తి పడితే తెగుతుంది, కోసి కుట్టాల్సి వస్తుంది. కోసినా పాతచెయ్యి వస్తుందని మాటివ్వలేను.”

“రేపొక్కరోజు, తల్లీ! ఒక్క కట్ట! నీ కాళ్ళు పట్టుకుంటా, ఏదో ఒక సూది వెయ్యి.”

“వెయ్యనన్నా. వేస్తే మీ చేతిని నేనే విరిచినట్టు.”

తెల్లారింది. మా న్యో గుమ్మానికి అడ్డం నిలబడి ఏడ్చింది. ఫో లా ఆమెను పక్కకు జరిపి, పట్టీ ఇంకాస్త బిగించుకుని కొట్టుకు నడిచాడు. ఆమె వెనకాలే వెళ్ళింది.

కొట్టాడు. మొదటి దెబ్బకే కళ్ళు బైర్లు కమ్మాయి. పక్కవాళ్ళ తాళం తప్పకుండా కొట్టాడు. చిప్ప మునిగింది, తేల్చారు, మళ్ళీ మునిగింది. మధ్యలో మోచేతిలో ఏదో పుటుక్కుమంది. వాడొక్కడికే వినబడింది. అయినా ఆపలేదు. కట్ట పూర్తయ్యాక యజమాని దాన్ని విప్పి, రేకును వెలుతురుకు పెట్టి చూశాడు.

“భేష్‌రా! ఎక్కడా మందం లేదు. నీ రాయి నీదే. రేపు పొద్దున్నే వచ్చెయ్.”

“వస్తా బాబాయ్” అన్నాడు ఫో లా నవ్వుతూ.

యజమాని అటు తిరిగాడు. ఫో లా మాత్రం సుత్తి కింద పెట్టలేదు. మా న్యో దగ్గరకొచ్చి చూసింది. కుడిచేతి వేళ్ళు తెరుచుకోవడం లేదు. ఆమె వంగి ఒక్కొక్క వేలే పిడి నుంచి ఊడదీసింది. వదలగానే ఆ చెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

“మెల్లగా ఏడవ్వే” అన్నాడు ఫో లా చెవిలో. “బాబాయ్ వింటాడు.”