ఆలిస్ కాచిన అడవి

శేషుకుమారి కంప్యూటర్ తెర మీది పాత రాతప్రతి బొమ్మను ఇంకాస్త పెద్దది చేసి, ఆ లాటిన్ వరుసను మూడోసారి చదివింది. పొద్దుటినుంచి ఛాతీలో బరువుగా ఉంది. వంకాయకూర అరగలేదనుకుని అరచేత్తో రాసుకుంది.

మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీ చరిత్ర విభాగంలో, కిటికీ లేని గదిలో, పదకొండేళ్ళుగా ఆమె పని ఇదే. ఇంగ్లండులో ఏడువందల ఏళ్ళ కిందటి ఒక జమీందారీ, దానికో అడవి. ఎవరి పందులు అందులో పడి మేశాయో, బండి ఇరుసు కోసం ఓక్ చెట్టు ఎవరు కొట్టారో జమీందారు కచేరీవాళ్ళు తోలుచుట్టల మీద రాసిపెట్టారు. వాటిని ఇంగ్లీషులోకి దించాలి. పరిశోధన చేద్దామని వచ్చిన మనిషే. భర్త మంచాన పడ్డాక అది ఆగిపోయింది. ఆయన పోయాక లాటిన్ మిగిలింది.

ఆమె పనిచేసేది ప్రొఫెసర్ ఈశ్వరప్రసాద్ కింద. అచ్చుకి వెళ్తున్న ఆయన పుస్తకం ఏడో అధ్యాయంలో, ప్లేగు మహమ్మారికి అడవి కాపరి జాన్ చచ్చిపోయాక పంతొమ్మిదేళ్ళు ఆ అడవికి దిక్కులేదని ఉంది. కానీ ఈ వరుసలో, జాన్ పోయిన ఏడాదే, అడవిలో పట్టుబడ్డ పశువులను కాపరి పెళ్ళాం ఆలిస్ కచేరీకి తోలుకొచ్చింది. మరుసటేడూ తోలుకొచ్చింది. ఆ పై ఏడూ. అలా పంతొమ్మిదేళ్ళూ. పేరు ఒక్కచోటే ఉంది. మిగతా అన్నిచోట్లా 'జాన్ విధవ'.

కాగితాలు పట్టుకుని ప్రొఫెసర్ గదికి మెట్లెక్కింది. రెండుచోట్ల ఆగింది.

"ప్రూఫులు వెళ్ళిపోయాయి కదండీ," అన్నాడు ఈశ్వరప్రసాద్. "నెక్స్ట్ ఎడిషన్‌లో చూద్దాం."

"దిక్కులేదని రాశామండీ. ఆవిడ ఉంది. పంతొమ్మిదేళ్ళూ ఉంది."

ఇన్నేళ్ళలో ఆయనకి ఎదురుచెప్పడం అదే మొదలు. ఆయన కాగితాలన్నీ చివరిదాకా చదివాడు. ముఖం వాడిపోయింది.

"చాప్టర్ మొత్తం పోతుందండీ."

"తెలుసండీ."

"ఒక్క ఫుట్‌నోట్‌కే చోటుంది. రాసివ్వండి."

సరిపోదని ఆమెకి తెలుసు. అయినా కిందికొచ్చి నాలుగు వరుసలు రాసి పంపింది. ఆలిస్ పేరు రెండుసార్లు రాసింది.

ఆఫీసు చూసే వైశాలి తలుపు దగ్గర ఆగింది. "ఆంటీ, ఫేస్ అలా ఉందేంటి? జీపీ డాక్టర్‌కి కాల్ చెయ్యనా?"

"గ్యాసేనమ్మా. అయిదు నిమిషాలు కూర్చుని ట్రైన్‌కి పోతాను."

వైశాలి టీ తెచ్చేసరికి ఆమె తల కుర్చీ వెనక్కి వాలి ఉంది. అంబులెన్సువాళ్ళు వచ్చారు. చేయాల్సినవి చేశారు. కాసేపటికి తొందరపడటం మానేశారు.

సోమవారం ఈశ్వరప్రసాద్ ఆ నాలుగు వరుసలను రెండుకి కుదించి అచ్చుకి పంపాడు. పేరు ఒకచోట ఉంచాడు.

శేషుకుమారి గది ఖాళీ చేస్తుంటే వైశాలికి బల్ల కింద ఒక జత రబ్బరు చెప్పులు కనబడ్డాయి. వేళ్ళు ఆనినచోట అయిదేసి గుంటలు, మడమల దగ్గర నేల కనబడేంత అరుగుదల.