ఖాళీగా వచ్చిన డబ్బా

షుగర్ మీటరు మీద మూడు వందల పన్నెండు.

సుగ్రా బేగం కాలి బొటనవేలి మీది పుండును ఆరెంపీ డాక్టర్ చూశాడు. తరువాత ఆమె కోడలు తస్లీమాను చూశాడు.

"ఏం పెడుతున్నవమ్మా ఇంట్ల? నెల కింద నూట అరవై ఉండె. గిట్లనే పోతే ఈ వేలు తీసేయాల్సి వస్తది. బస్సులు బందున్నయి. వరంగల్ దాక ఎట్ల తీస్కపోతవ్?"

తస్లీమా ముప్పై రూపాయలు బల్ల మీద పెట్టింది. జాకెట్టు కుడితే ముప్పై. అత్త వేలు గుచ్చి చూపిస్తే ముప్పై. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. కొడకండ్లలో జాకెట్లు కుట్టించుకునేవాళ్లూ తగ్గిపోయారు.

ఏం పెడుతోంది తను? పొద్దున షుగర్ గోలీ వేయించి, రెండు జొన్నరొట్టెలు, మెంతికూర డబ్బాలో సర్దుతుంది. గోలీ వేసుకున్న అరగంటకు తినాలి. డాక్టర్ నడవమన్నాడని భర్త రఫీ తల్లిని తన పంక్చర్ దుకాణం దాకా నడిపించుకుపోతాడు. సరిగ్గా అరగంట నడక. సాయంత్రం దాకా ఆమె అక్కడే ఉంటుంది. డబ్బా రోజూ ఖాళీగా తిరిగొస్తుంది. ఇంటికి రాగానే తస్లీమా అత్త కాళ్లు కడిగి, వేళ్ల సందులు తుడిచి, పుండుకు మందు రాస్తుంది. చక్కెర డబ్బా బీరువాలో ఉంది. తాళం చెవి తన మెడలో ఉంది.

మరి ఇంత చక్కెర ఎక్కడి నుంచి వస్తోంది?

మర్నాడు మధ్యాహ్నం జవాబు దొరికింది. చాయ్ హోటల్ నడిపే లచ్చమ్మ జాకెట్టు గుడ్డతో పాటు, కొలత కత్తిరించుకోవడానికి పాత పేపర్ల కట్ట తెచ్చింది. తస్లీమా ఒక పేపరు నేల మీద పరిచి, సుద్దముక్కతో గీత గీసి, కత్తెర పెట్టింది. కత్తెర ఆగిపోయింది.

రిలే నిరాహార దీక్షలు, పదిహేడో రోజు. మెడలో పూలదండతో ఐదుగురు. మధ్యలో ఉన్నది అమ్మీ, తన అత్త. శిబిరం నడిపే వెంకట్రాం ఆమె నోటికి గ్లాసు అందిస్తున్నాడు.

ఇంకో పేపరు తీసింది. పద్దెనిమిదో రోజు. అదే గ్లాసు. ఇంకోటి తీసింది. అందులోనూ అమ్మీయే.

"నీకు తెల్వదా?" అంది లచ్చమ్మ. "పొద్దుందాక ఏం ముట్టకుంట కూసుంటది. ఐదింటికి నిమ్మరసం తాపి లేపుతరు. సగం గ్లాసు చక్కెరనే. రెండు అరటిపండ్లు సుత ఇస్తరు. ఊరంత సూస్తనే ఉంది గద."

"మరి నేను కట్టిచ్చే డబ్బా?"

"మీ ఆయన తింటడు. మా హోటల్ల ఉల్లిగడ్డ అడుక్కొని మరీ తింటడు."

సాయంత్రం తల్లీకొడుకులు గడపలోకి రాగానే తస్లీమా పేపర్లు వాళ్ల ముందు పరిచింది. రఫీ తల ఎత్తలేదు.

"రాష్ట్రం వచ్చినంక రేషన్ దుకాణం ఇప్పిస్తనన్నడు వెంకట్రామన్న. రోజు ఐదుగురు దొరుకుతలేరట. ముస్లిం ముసలమ్మ కూసుంటె ఫోటో మంచిగొస్తదట. బండ్లు లెవ్వు, పంక్చర్లు లెవ్వు. నేనేం జేయాలె?"

"ఆమెకు షుగరని చెప్పినవా?"

"చెప్పిన. ఒక్క పూటకు ఏం గాదన్నడు."

తస్లీమా అత్త వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పొద్దా అమ్మీ?"

"నీకు చెప్పొద్దని రఫీ ఒట్టేయించుకున్నడు బేటీ." సుగ్రా బేగం గొంతు తగ్గించింది. "మధ్యాహ్నానికి చెమటలు వడుతయి, చేతులు వణుకుతయి. ఆ గ్లాసు ఎప్పుడొస్తదా అని సూస్తుంట."

తస్లీమా పేపర్లు ఏరి మడిచింది. తెలంగాణ తనకూ కావాలి. వంటా వార్పు నాడు నడిరోడ్డు మీద కూర్చుని పొగలో వంద రొట్టెలు కాల్చింది. ఎవరూ అబద్ధం చెప్పి ఆమెను అక్కడికి తీసుకుపోలేదు. ఇంట్లో మాత్రం నెలరోజులుగా, తను కాళ్లు కడుగుతుంటే ఒకరు, ఖాళీ డబ్బా చేతికిస్తూ ఒకరు, ఇద్దరూ తనను మోసం చేశారు. ఆ పూట కూడా కాళ్లు కడిగింది. కానీ తల ఎత్తి అత్త ముఖం చూడలేదు.

పొద్దున ఎనిమిదింటికి వెంకట్రాం మోటారు సైకిల్ వాకిట్లో ఆగింది. హ్యాండిలుకు దండ వేలాడుతోంది. రఫీ తల్లి చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. సుగ్రా బేగం గోలీ వేసుకుని అరగంటయింది. తస్లీమా డబ్బా కట్టలేదు. రొట్టెలు పళ్లెంలో పెట్టి అత్త ముందుకు జరిపింది.

"జర జల్ది చెల్లె," అన్నాడు వెంకట్రాం. "నలుగురే ఉన్నరు. పేపరాయన తొమ్మిదింటికే వస్తడు."

"మీ అవ్వను కూసోబెట్టు అన్న."

"మా అవ్వకు షుగర్ గద," అనేశాడు వెంకట్రాం.

బండి ఇంజను ఒక్కటే కొట్టుకుంటోంది.

సుగ్రా బేగం దండ వైపు చూసింది. కొడుకు చేతిలోని తన చెప్పుల వైపు చూసింది. తర్వాత రొట్టె తుంచి, మెంతికూరలో అద్దుకుని, వెంకట్రాం చూస్తుండగా నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలి మింగింది. ఇంకో తునక తుంచింది.

రఫీ చెప్పులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.