చప్పుడు చెయ్యని పెట్టె

ఆమె భయమల్లా ఒక్కటే. పక్క గదిలో నిద్రపోతున్న పిల్లకి ఊపిరి అందకుండా పోతుంది, ఆ సంగతి తన చెవిన పడదు. దొంగలన్నా చీకటన్నా పాములన్నా ఆమె అందరూ భయపడేంతే భయపడుతుంది. ఈ ఒక్క భయానికి మాత్రం వేళాపాళా లేదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి వచ్చినప్పుడు కూడా వచ్చి కూర్చుంటుంది.

పిల్లకి రెండో ఏడు నడుస్తోంది. పుట్టిన దగ్గర్నుంచీ ఛాతీలో ఉబ్బసం. ఊపిరి తీస్తే సన్నగా ఈల వేసినట్టుంటుంది. అందుకే వాళ్ల నాన్న ఈలపిట్ట అన్నాడు. అసలు పేరు డాక్టరుగారి చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆ ఈల మామూలుగా వినపడుతున్నంతసేపూ ఫరవాలేదు. అది బిగిసి కీచుమందంటే వెంటనే మందు పీల్పించాలి. పీలిస్తే తేరుకుంటుంది. కానీ ఆ తేడా చెవికే ముందు తెలుస్తుంది. కంటికి తెలిసేసరికి పెదాలు సిరా రంగుకి తిరుగుతాయి.

ఈలపిట్ట వాళ్లమ్మ చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఆగలేదు. బట్టల కార్ఖానాలో కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, కటింగ్ మాస్టరు పక్కన నిలబడి నిలబడి, చొక్కాలకీ గౌన్లకీ నమూనాలు గీసేదాకా వచ్చింది. ఇప్పుడు ఆ నమూనాలు కాగితం మీద కాదు, కంప్యూటర్లో గియ్యాలి. అదీ నేర్చుకుంది. పిల్ల పుట్టాక మాస్టరు కబురు చేశాడు: "ఇంట్లో కంప్యూటరు పెట్టుకోమ్మా, పని అక్కడికే పంపిస్తా. కుదరదంటే చెప్పు, ఇంకొకళ్లని చూసుకుంటా."

మరిది తన పాత కంప్యూటరు తెచ్చి ఇచ్చాడు. మనసు మంచిదే. కానీ ఆ యంత్రం ఆన్ చేస్తే ఇంట్లో పిండిమర పెట్టినట్టుండేది. ఒక మధ్యాహ్నం ఆమె గౌను కాలరు గీస్తూ దాహం వేసి లేచింది. నీళ్లకని వెళుతూ పక్క గది గుమ్మానికున్న గుడ్డ తెర తొలగించి చూస్తే పిల్ల పెదాలు సిరా రంగులో ఉన్నాయి. మందు పెట్టింది, వీపు నిమిరింది, పిల్ల తేరుకుంది. పిల్లని చంకనేసుకునే వచ్చి ఆ యంత్రం తీగ పీకి, దాన్ని ఈడ్చుకెళ్లి మరిది గదిలో పడేసింది.

"నేనున్నాగా, నేను చూస్తాగా" అంది అత్తగారు. నిజమే, ఉంటుంది. కాకపోతే ఆవిడకి కుడిచెవి వినపడదు, ఎడమచెవి టీవీ సీరియల్‌కి ఇచ్చేసింది.

ఆ రోజే భోజనాల దగ్గర మాట బయటపెట్టింది. "నేను కంప్యూటరు కొంటా. చప్పుడు చెయ్యనిది."

"ఉంది కదా వదినా," అన్నాడు మరిది. అతను కంప్యూటర్ల చదువే చదివాడు. "ఆఫ్ చేసిన కంప్యూటరు. అస్సలు చప్పుడు చెయ్యదు."

అత్తగారు నవ్వింది. భర్త కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి ముద్ద మింగాడు. అతను సరుకుల వ్యాను తోలతాడు. పొద్దున పోతే పొద్దుగూకాక వస్తాడు. ఇంట్లో ఏ గొడవకీ ఎదురు నిలబడే ఓపిక అతనికి మిగలదు.

"సరే, రెడీమేడ్‌ది మంచిది ఒకటి చూసి నేనే తెచ్చిస్తాలే," అన్నాడు మరిది.

"రెడీమేడ్ చొక్కా నీకు భుజాల దగ్గర ఎప్పుడైనా సరిపోయిందా? విప్పి మళ్లీ కుట్టింది ఎవరు? దీన్ని కూడా ముక్కలు తెచ్చి నేనే కూర్చుకుంటా."

"నువ్వా?"

"మీ వదినే. ఇంకెవరైనా కనిపిస్తున్నారా ఇక్కడ?"

అత్తగారు కలగజేసుకుంది. "నీకు భయం మరీ ఎక్కువైపోతోందే అమ్మాయ్. ఆకు కదిలినా ఉలిక్కిపడతావు. పిల్లలన్నాక దగ్గులూ తుమ్ములూ ఉండవా? వీళ్లిద్దర్నీ నేను పెంచలేదా?"

"ఎక్కువే అత్తయ్యా, కాదన్నానా? ఆ రోజు నాకు దాహం వేసింది కాబట్టి పిల్ల దక్కింది. వెయ్యకపోతే?"

అత్తగారు మజ్జిగ గ్లాసు చప్పుడయ్యేలా బల్ల మీద పెట్టింది.

తర్వాత రోజుల్లో ఆమె అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ, ఫోను కిటికీ గూట్లో ఆనించి వీడియోలు చూసింది. వాటిలో మాట్లాడే కుర్రాళ్లందరూ వేగం గురించే ఊగిపోయేవాళ్లు. ఆమె వాళ్ల వాగుడంతా భరించి, చప్పుడన్న మాట ఎక్కడ వస్తుందా అని చెవులు రిక్కించుకుని ఉండేది. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలోంచి తనకి కావాల్సిన సూత్రం ఒకటి పీకింది: తిరిగేది ఏదైనా చప్పుడు చేస్తుంది. అయితే తిరిగేవాటిని ఒక్కొక్కటే బయటికి పంపాలి. దాచుకునే డిస్కు తిరగనిది తీసుకోవాలి. బొమ్మ చూపించే పని కూడా ప్రాసెసరే చేసేస్తే వేరే కార్డు అక్కర్లేదు, దాని ఫ్యానూ అక్కర్లేదు. లోపలికి కరెంటు అందించే పెట్టెలో, వేడెక్కితే తప్ప ఫ్యాను తిరగని రకం ఉందట, అదే కావాలి. ప్రాసెసర్‌ని చల్లబరిచే ఫ్యాను మాత్రం తప్పదు. చిన్న ఫ్యాను కుర్రకుంకలా గిరగిరా తిరుగుతూ అరుస్తుంది, పెద్దది పెద్దమనిషిలా నిదానంగా తిరుగుతుంది. కాబట్టి పెద్దదే.

దుకాణానికి మరిది తోడొచ్చాడు. చెవులకో హెడ్‌ఫోను, మెడకో హెడ్‌ఫోను తగిలించుకున్న దుకాణదారు ఆమెని దాటి అతన్నే పలకరించాడు.

"చెప్పండి సార్. మేడమ్‌గారు ఏం వాడతారు? సినిమాలు చూస్తారా?"

"మేడమ్‌గారికి నోరుంది, ఆమెనే అడగండి," అంది ఈలపిట్ట వాళ్లమ్మ.

అతను గొంతు సవరించుకుని రంగురంగుల దీపాలు మెరిసే పెట్టె చూపించాడు. "ఇది చూడండి మేడమ్. చూడ్డానికి సర్కస్ డేరాలా ఉంటుంది."

"నాకు చూడ్డానికి కాదు, వినడానికి కావాలి."

"ఓహో, స్పీకర్లా?"

"కాదు. ఇది ఆన్‌లో ఉన్నా ఏమీ వినపడకూడదు."

మరిది తల పట్టుకుని కుర్చీ వెతుక్కున్నాడు. ఆమె మాత్రం ఒక్కొక్క ఫ్యానూ తిప్పించింది. దుకాణంలో మోగుతున్న పాట ఆపించింది. ఏసీ ఆపించింది. వీధి తలుపు వేయించింది. చెమటలు కారుతున్న దుకాణదారు చేతిలో ఫ్యాను తిరుగుతుంటే, చెవి దాని దగ్గర పెట్టి కళ్లు మూసుకుంది.

"మీ గోడ గడియారం వినపడుతోంది," అంది.

"అది కూడా ఆపెయ్యమంటారా?"

"వద్దు. అది వినపడుతోందంటే మీ ఫ్యాను నెగ్గినట్టే. ఇదే ఇవ్వండి."

ఆ ఫ్యానుతోపాటు వచ్చే, వేడిని లాగే రేకుల కట్ట రెండు ఇటుకలంత ఉంది. సంచిలోంచి టేపు తీసి దాని ఎత్తు కొలిచింది. తరవాత దీపాలూ గీపాలూ లేని ఒక నల్ల పెట్టె వెడల్పు కొలిచింది. టేపు సరిపోతుందనే చెప్పింది. టేపు ఆమెకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

ఇంటికొచ్చాక కటింగ్ బల్ల తుడిచి, ముక్కలన్నీ పరిచి, పిల్లని అత్తగారి ఒళ్లో పెట్టి పని మొదలుపెట్టింది. ప్రాసెసర్ మీద మీట నొక్కితే కరకరమంది.

"విరిగింది," అన్నాడు మరిది.

"వీడియోలోనూ అలాగే కరకరమంది. నువ్వూరుకో."

ఊరుకున్నాడు. స్క్రూలు ఒక్కొక్కటే తీసి అందించడం కూడా మొదలుపెట్టాడు. అన్నీ అమిరాయి. చివరికి పక్క రేకు మూయబోతే, అది పడలేదు. రేకుల కట్ట బొటనవేలు మందాన బయటికి పొడుచుకొచ్చింది.

ఆమె బల్ల మీద చేతులానించి అలా చూస్తూ ఉండిపోయింది. తప్పెక్కడో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పెట్టెని బయటినుంచి కొలిచింది. లోపల బోర్డు ఎత్తు పోతుంది, వెనక తీగలకి వదిలిన జాగా పోతుంది. ఒంటి కొలతకీ బట్ట కొలతకీ తేడా చూసుకోవద్దా అని కార్ఖానాలో కొత్తవాళ్లని ఎన్నిసార్లు కసిరిందో! తీరా తన ఇంటి పనికొచ్చేసరికి వదులు వదలకుండా కత్తిరించిన దర్జీ అయిపోయింది.

మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు అయ్యాక, "రేకు తీసేసి వాడుకో వదినా, ఏమవుతుంది?" అన్నాడు.

"పిల్ల వేలు పెడుతుంది."

"మరి చిన్న ఫ్యాను మార్చుకో."

ఫ్యానూ పక్క రేకూ పట్టుకుని వెళితే దుకాణదారూ అదే అన్నాడు. స్క్రూలు బిగించిన పెట్టె వెనక్కి తీసుకోను, ఫ్యాను కావాలంటే మారుస్తానన్నాడు. చిన్నది తిప్పి చూపించాడు. కందిరీగ.

"వద్దు," అందామె.

"పెద్దది పెట్టెకి పట్టదు కదా మేడమ్. ఫ్యాను కోసం ఎవరైనా పెట్టెని మారుస్తారా?"

"పాదం పెరిగితే పాదం కోస్తారా, చెప్పు మారుస్తారా?"

అతను మెడ హెడ్‌ఫోను కూడా చెవులకి పెట్టుకున్నాడు.

ఆమె అటునుంచి అటే పక్క రేకు చంకన పెట్టుకుని కార్ఖానా వెనక సందులోకి నడిచింది. అక్కడ బీరువాలు చేసే ముసలాయన ఉన్నాడు. ఆయన ముందు కాగితం పరిచి, ఎక్కడ కన్నం కొయ్యాలో, కోసిన చోట ఎంత ఉబ్బుతో వేరే రేకు అతకాలో, నమూనా గీసి చూపించింది.

ఆయన కళ్లజోడు పైకి తోశాడు. "ఇదేంటమ్మా, జాకెట్టా?"

"ఇనుప జాకెట్టు బాబాయ్. ఇదిగో, ఉబ్బు రావడానికి ఇక్కడ డార్టులు, అదే మడత కుట్లు పడాలి."

"ఇనుముకి డార్టులా?"

"గుడ్డ తిరిగినప్పుడు ఇనుము ఎందుకు తిరగదు?"

"తిరగదు. అది నీలాగే మొండిది."

"అయితే నాతోనే చెప్పించండి దానికి."

ఆయన తల అడ్డంగా ఊపుతూనే కత్తెర అందుకున్నాడు. రెండుసార్లు రేకు చిరిగింది. డార్టు కొన ఎక్కడ ఆపాలో ఆమె వేలితో చూపిస్తే ఆయన సుత్తితో కొట్టాడు. సుత్తి ఎక్కడ తగిలితే రేకు చిట్లుతుందో ఆయన చెబితే ఆమె గీత మార్చింది. మొత్తానికి వచ్చింది. ఒక పక్కకి కాస్త ఒరిగినా, వచ్చింది.

బిగించి గోడవార నిలబెడితే అత్తగారు ముక్కున వేలేసుకుంది. "ఎన్నో నెలమ్మా దీనికి?"

"పుట్టేది ల్యాప్‌టాపే అమ్మా," అన్నాడు మరిది.

"కాకిపిల్ల కాకికి ముద్దు. నాకు బాగానే ఉంది," అంది ఈలపిట్ట వాళ్లమ్మ.

మీట నొక్కింది. ఏ చప్పుడూ లేదు.

"పోయింది," అన్నాడు మరిది. "చెప్పానా?"

అప్పుడు కంప్యూటరు తెర వెలిగింది. అతను వంగి ఆ ఉబ్బు రేకుకి చెవి ఆనించాడు. మళ్లీ రెండో చెవి ఆనించాడు. లేచి నిలబడ్డాడు. గుడ్డ తెర అవతల మంచం మీదినుంచి ఈలపిట్ట ఊపిరి సన్నగా, తీగలా, ఈ గదిలోకి వినపడుతోంది.

మాస్టరు పని పంపించాడు. ఆమె ఒక చెవి పని మీదా ఒక చెవి గుడ్డ తెర మీదా పెట్టి చొక్కాలూ గౌన్లూ గీసింది. రెండుసార్లు ఈల బిగుసుకోవడం మొదట్లోనే పట్టుకుంది, పెదాల రంగు మారకముందే మందు పెట్టింది. ఇంట్లో భయం గురించిన జోకులు తగ్గాయి. పూర్తిగా పోలేదులెండి, అవి మా ఇంట్లోనైనా మీ ఇంట్లోనైనా పోవు.

ఒక మధ్యాహ్నం ఆమె జేబు నమూనా తిప్పుతుండగా ఈల ఆగిపోయింది.

బిగుసుకోలేదు, కీచుమనలేదు. ఉన్నది లేకుండా పోయింది. యంత్రం చప్పుడు లేదు, ఇంట్లో టీవీ మోగడం లేదు, ఊపిరీ లేదు. అంత నిశ్శబ్దం కావాలని ఊరంతా తిరిగింది తనే. లేచిన ఊపుకి స్టూలు పడిపోయింది. తెర లాగితే కొక్కెం ఊడి వచ్చింది.

పిల్ల వెల్లకిలా పడుకుని ఉంది. పెదాలు గులాబీ రంగులో ఉన్నాయి. ముక్కు కింద వేలు పెట్టింది. వెచ్చగా తగిలింది. పొట్ట మెల్లగా లేస్తోంది, దిగుతోంది. ఛాతీ తేటపడింది, ఈల పోయింది, అంతే. పిల్ల అందరు పిల్లల్లాగే ఊపిరి తీసుకుంటోంది. పుట్టిన దగ్గర్నుంచీ మొదటిసారి.

స్టూలు చప్పుడుకి మరిది పరుగెత్తుకొచ్చాడు. సంగతి చూసి గుమ్మానికి ఆనుకున్నాడు. "అంత యంత్రం కట్టావు వదినా, ఇంకా లేచి చూడ్డం దేనికి? చెవి చాలదా?"

"చాలదు. వినపడితే వింటా, వినపడకపోతే లేచి చూస్తా. రోజుకి వందసార్లు చూస్తా. ఎవరికేం కష్టం?"

"ఎవరికీ లేదులే," అన్నాడతను. వచ్చి పిల్ల ముక్కు కింద తనూ వేలు పెట్టి చూశాడు.

ఇదంతా చదివి, ఈవిడకి భయం మరీ ఎక్కువ అనుకుంటే అనుకోండి. ఎక్కువే. కానీ మీ ఇంట్లో పక్క గదిలో పడుకున్నది పసిబిడ్డ అయినా, కునుకు తీస్తున్న పెద్దావిడ అయినా, కాసేపటినుంచి అటువైపునుంచి మీకేమీ వినపడకపోతే, దీన్ని ఇక్కడే పెట్టేసి లేవండి. వెళ్లి ఒక్కసారి చూసి రండి.