డాష్‌బోర్డు వెనక మూట

గవర్రాజు ఆ మూటని చూసి గంటయింది. ఇంకా దాని మీద చెయ్యి వెయ్యలేదు.

కంచరపాలెం రైల్వే గేటు దగ్గర అతని షెడ్డులో డెబ్బైనాలుగు మోడల్ ఫియట్ కారు ముస్తాబవుతోంది. సీట్లు కుట్టించడం అయింది, రంగు వెయ్యడం అయింది. డాష్‌బోర్డు సామాన్లన్నీ దుప్పటి మీద పరిచి ఉన్నాయి, బిగించడమే తరువాయి. ఎడమపక్క సామాన్లు పెట్టుకునే అర వెనకాల అట్ట ఎప్పుడో చిరిగిపోయింది. కొత్త అట్ట వేద్దామని టార్చి కొడితే, ఇంజన్ వైపు రేకు మూలలో పసుపుగుడ్డ మూట కనబడింది. మూట మీద వేలిమందం దుమ్ము. ముడి సందులోంచి బంగారం మెరిసింది.

కారు రమణమూర్తిది. స్టీల్‌ప్లాంటులో ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. బీచ్ రోడ్డులో పాత కార్ల ప్రదర్శన ఉందని, ఏళ్ళ తరబడి మూలపడేసిన కారుని తీసుకొచ్చాడు. ఫియట్ డాష్‌బోర్డు తెలిసిన చెయ్యి ఇప్పుడు ఊళ్ళో గవర్రాజుదొక్కటే అని ఎవరో చెప్పారట. ఆ చెయ్యి ఎవరి కొడుకుదో మాత్రం చెప్పలేదు. గవర్రాజు కూడా చెప్పలేదు. మనిషిని చూడగానే గుర్తుపట్టాడు, పళ్ళు నూరుకున్నాడు, పని ఒప్పుకున్నాడు.

గవర్రాజు తండ్రి సింహాచలం, కార్ల మేస్త్రి. ఇరవై రెండేళ్ళ కిందట ఇదే కారు, స్పీడోమీటరు కేబులు మార్చడానికి ఇదే వీధికి వచ్చింది. వీధి మరిచిపోలేదు గాని రమణమూర్తి ఎప్పుడో మరిచిపోయాడు. అంతకు ముందురోజు మాఘ పౌర్ణమి. రమణమూర్తి భార్య గౌరీశ్వరి సముద్రస్నానానికి వెళ్ళి, అల లాక్కుపోతుందేమోనని ఉంగరం తీసి, పసుపుగుడ్డలో కట్టి, కారు అరలో పెట్టి మరిచిపోయింది. గుర్తొచ్చేసరికి కారు మేస్త్రి దగ్గరుంది, అరలో ఉంగరం లేదు. ఇంకేముంది! "ఒక్కపాలి అర ఇప్పి సూత్తాను బాబూ," అని మేస్త్రి కాళ్ళావేళ్ళా పడ్డాడు. "మళ్ళీ బండి మీద చెయ్యేస్తే విరగ్గొడతా," అని రమణమూర్తి తాళాలు లాక్కున్నాడు. అక్కడితో ఊరుకున్నాడా? వీధంతా చూస్తుండగా పళ్ళెంలో కర్పూరం వెలిగించి, అమ్మోరి మీద ప్రమాణం చేసి ఆర్పమన్నాడు. చాచిన మేస్త్రి చెయ్యి వణికింది. నిజం చెప్పేవాడికీ అమ్మోరంటే భయం ఉంటుందని ఒక్కడికీ తోచలేదు. "చూశారా, వణుకుతోంది!" అంటూ రమణమూర్తి పళ్ళెం వెనక్కి లాగేశాడు. వీధి నమ్మేసింది. ఆ తరవాత సింహాచలం దగ్గరికి ఒక్క కారు రాలేదు. ఉంగరం మేస్త్రి అన్న పేరొక్కటే వచ్చింది. ఆ పేరుతోనే పోయాడు.

ఇప్పుడు మూట తీసి రమణమూర్తి మొహాన కొడితే? తండ్రి దాచిన సొత్తు కొడుకు బయటపెట్టాడంటారు. అందుకే గవర్రాజు దాన్ని తాకలేదు. పోనీ, నాలుగు వైర్లు అటూ ఇటూ కలిపేసి కసి తీర్చుకుందామా అంటే, తండ్రిని దొంగ అన్నారే గాని పనిరానివాడని ఎవ్వరూ అనలేదు. ఆ మాట తన చేత్తో తను తేవడం అతనికి ఇష్టం లేదు. స్పీడోమీటరు కూర్చోబెట్టాడు. పెట్రోలు ముల్లు సరిచూశాడు. స్విచ్చులు ఒక్కొక్కటే మెరిపించి బిగించాడు. అర ఒక్కటీ బిగించకుండా కన్నం అలాగే వదిలేశాడు.

శుక్రవారం పొద్దున్న రమణమూర్తి భార్యతో వచ్చాడు. బండికి పూజ అంటే వీధి చేరకుండా ఉంటుందా! గుమ్మడికాయ, నిమ్మకాయలు సిద్ధంగా ఉన్నాయి. కర్పూరం బిళ్ళలు గవర్రాజు బాగా ఎక్కువే తెచ్చాడు. తల్లి గంగాలమ్మని కుర్చీ వేసి ముందువరసలో కూర్చోబెట్టాడు.

"పని అద్భుతంగా ఉందయ్యా. ఇదేమిటి, ఇక్కడ కన్నం వదిలేశావు?" అన్నాడు రమణమూర్తి.

"లోపల ఏదో అడ్డం ఉంది సార్. నాను సెయ్యి పెట్టనేదు. దుమ్ము కూడా కదపనేదు, అందరూ సూడండి," అని టార్చి వేసి వీధిలో నలుగురిని పిలిచి చూపించాడు. "మీ బండి కదా, మీరే తియ్యండి."

రమణమూర్తి మోచేతి దాకా చెయ్యి దూర్చి మూట లాగాడు. దుమ్ము ఆయన తెల్లచొక్కా మీద రాలింది. ముడి విప్పకముందే గౌరీశ్వరి మూట అందుకుంది.

"ఏమండీ, ఇది నేను కట్టిన గుడ్డే. ఉంగరం ఇక్కడే ఉందండీ."

"సింహాచలం మేస్త్రి కొడుకుని సార్ నాను," అన్నాడు గవర్రాజు. ఈ ఒక్క మాట కోసం నెలరోజులు నోరు కట్టేసుకున్నాడు. అనగానే మనసు చల్లబడింది.

రమణమూర్తి మొహంలో నెత్తురు చుక్క లేదు. "పొరపాటు జరిగిపోయింది. లోపలికి పద, మాట్లాడుకుందాం."

"అప్పుడు లోపల మాటాడేరా సార్? ఈదిలోనే కదా." గవర్రాజు కర్పూరం వెలిగించి పళ్ళెం ఆయన ఎడమచేతిలో పెట్టాడు. "మా నాన్న దొంగని సెప్పి ఆర్పండి. ఆర్పితే నానూ ఒప్పుకుంటాను."

వీధి ఇంకో అడుగు దగ్గరికి జరిగింది. రమణమూర్తి కుడిచెయ్యి మంట దాకా వచ్చి ఆగిపోయింది. గడగడా వణికింది.

"సూసేరా, వణుకుతోంది!" అన్నాడు గవర్రాజు, అందరికీ వినబడేలా.

రమణమూర్తి తల దించుకుని, పళ్ళెంతోనే గంగాలమ్మ ముందుకి వచ్చాడు. "తప్పయిపోయిందమ్మా. క్షమించు."

ఆవిడ హారతి కళ్ళకద్దుకోలేదు. చేతులు కొంగులో పెట్టుకుంది. "ఆయన ఆర్పేవోడే బాబూ. నువ్వే పళ్ళెం నాగేసేవు. ఇప్పుడు దించకు. దానంతటది ఆరిందాకా పట్టుకో."

పళ్ళెం కాలుతోంది. ఆయన వేళ్ళు మార్చుకుంటున్నాడు, దించే ధైర్యం లేదు. గౌరీశ్వరి కూడా దించమనలేదు.

గవర్రాజు కారులోకి దూరి అర అమర్చాడు. నాలుగే స్క్రూలు. మూడు బిగించాడు. నాలుగోది బిగిస్తూ అద్దంలోంచి చూశాడు. కర్పూరం ఇంకా మండుతోంది.

నాలుగూ విప్పేసి, మళ్ళీ మొదట్నించీ బిగించడం మొదలుపెట్టాడు.