థర్స్‌బీ గారి కారులో నిశ్శబ్దం

కోవెంట్రీలోని మా కార్ఖానా నుంచి అమ్ముడుపోయిన కారు తిరిగొచ్చిందంటే, మా పెద్ద ఇంజనీరు పికర్స్‌గిల్‌కు కూతురు అలిగి పుట్టింటికి వచ్చినంత బాధ. ఆ వసంతంలో సర్ లాంబర్ట్ థర్స్‌బీ కారు తిరిగొచ్చింది.

"వేగం అందుకుంటే చాలు, సీటు కింద ఎవరో తేనెపట్టు కదిపినట్టుంటుందయ్యా. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి" అన్నాడాయన.

వెనక ఇరుసులో కొరుక్కుంటూ తిరిగే పళ్లచక్రాలను పికర్స్‌గిల్ పీకించేశాడు. వాటి స్థానంలో నూనెలో మునిగి జారుతూ తిరిగే, మరమేకులా మెలికలున్న మరచుట్టు పెట్టించాడు. ఇంజను నుంచి ఇరుసుకు వెళ్లే కడ్డీ అదరకుండా దాని కీళ్ల దగ్గర తోలు బిళ్లలు బిగించాం. వేసవంతా దానికే సరిపోయింది. చివరికి కారు కదులుతోందో లేదో దారిలో చెట్లను చూసి తెలుసుకోవలసి వచ్చేది.

అప్పగించే రోజు నేనే నడిపాను. నా పక్కన పికర్స్‌గిల్, పెళ్లికొడుకులా ముస్తాబై. వెనక సర్ లాంబర్ట్, ఆయన భార్య లేడీ హొనోరియా.

ఊరు దాటాక ఆయన తాపీగా అన్నాడు: "గురువారం నిప్పుకోళ్లు దిగుతున్నాయి."

"ఏం దిగుతున్నాయి?"

"నిప్పుకోళ్లు. ఆఫ్రికా నుంచి. గులాబీ తోట తీసేసి పెంచుదామా అంటే సరేనన్నావుగా, ఈ కారులోనే."

"ఆ మోతలో మీరేమన్నారో దేవుడికే తెలియాలి! మీ మీసాలు కదిలినప్పుడల్లా తలూపేదాన్ని."

"మరి మీ అన్న ఎవరార్డును గడప తొక్కొద్దని రాస్తానన్నప్పుడు?"

"రాశారా! మా అన్నయ్య రావడం మానేసింది అందుకా!"

ఇక మొదలైంది. పికర్స్‌గిల్ మాత్రం ఏదో అనుమానంతో సీటు మీదుగా వెనక్కి దూకి, వాళ్లిద్దరి కాళ్ల మధ్య చెవి ఆనించి పడుకున్నాడు.

"అమ్మగారూ, దణ్ణం పెడతాను, కాసేపు తిట్టకండి. ఇంకా ఏదో టిక్కుమంటోంది."

ఆవిడ తిట్టడం ఆపింది. అందరం విన్నాం. నిజమే, టిక్కుమంది.

"అది నా మోకాలయ్యా" అన్నాడు సర్ లాంబర్ట్.

"తోలు బిళ్ల వేస్తే పోతుంది దొరగారూ."

"ముందు ఆయన నోటికి వెయ్యండి" అంది ఆవిడ.

గురువారం పక్షులు రైలు దిగాయి, ఆరు. ఆ రోజూ కారు నడపడానికి నన్నే పిలిపించారు. బండి కట్టబోతే వాటిని చూసి గుర్రాలు పారిపోయాయి, గుర్రాలను చూసి అవి బెదిరిపోయాయి. చప్పుడు చెయ్యని మా కారును మాత్రం అవి లెక్కచెయ్యలేదు. లేడీ హొనోరియా వెనక సీటులో నిలబడి క్యాబేజీ ఆకులు చూపిస్తూ "పద" అంది. ఆరూ బుద్ధిగా వెంట నడిచాయి. చర్చి ముందు పాదిరి టోపీ తీసి, ఎవరికి నమస్కరించాలో తోచక అలాగే నిలబడిపోయాడు.

"ఎడమవైపు తిప్పు" అంది ఆవిడ నాతో.

"ఇల్లు కుడివైపు కదే!" అన్నాడు భర్త.

"తెలుసు. మా అన్నయ్యకు క్షమాపణ చెప్పాలి మీరు. ఉత్త చేతులతో వెళ్తామా?"

ఎవరార్డు గారు తలుపు తీశాడు. బావను చూశాడు, చెల్లెలిని చూశాడు, మెడలు చాచి లోపలికి తొంగిచూస్తున్న ఆరు తలలనూ చూశాడు. 

"లోపలికి రండి, టీ తాగుదురు గానీ" అన్నాడు చివరికి. "వాటికి మాత్రం పెరటి గుమ్మం ఉంది."