పద్నాలుగు నిండాయి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా చొక్కాలు కుట్టే షెడ్డులో ఎవరినడిగినా చెబుతారు. కానీ ఆ రోజు పొద్దున్న కోపానికి తీరికే లేదు, అంత సంబరంగా ఉన్నాను. మా సందు చివరికి బడి వ్యాను వచ్చింది మరి! పక్కనే ఒక మడతబల్ల, దాని వెనక రిజిస్టరు తెరుచుకుని ఒక టీచరమ్మ. పన్నెండేళ్ల లోపు పిల్లల పేర్లు రాయిస్తే ఇవాళే ఎక్కించుకుపోతారట, సాయంత్రం మళ్లీ ఇక్కడే దింపుతారట. పేర్లు రాయడానికి ఇదే ఆఖరి రోజు. పది గంటలకు వ్యాను కదులుతుంది.

నా మనవరాలిని అందరూ కత్తెర అంటారు. చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించడం దాని పని. నోరు కూడా అలాంటిదే లెండి. ఆరేళ్లప్పుడు మొదలుపెట్టింది. ఎవరి మీదా నెపం పెట్టను, తీసుకెళ్లింది నేనే. బడికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. నేను గుండీలు కుడతాను, దాని అమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటుంది. పసిదాన్ని ఒంటరిగా బస్సెక్కించలేం, ఇంట్లో పెట్టి తాళం వేయలేం. అందుకని వెంట తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఊరికే కూర్చోదని చేతికి చిన్న కత్తెర ఇచ్చాను. అంతే, చూస్తూ ఉండగానే నాలుగేళ్లు గడిచిపోయాయి.

గబగబా దానికి రెండు జడలు వేసి, మొహం కడిగి, లైనులో నిలబెట్టాను. షెడ్డు గుమ్మంలోంచి, మా చేత పని చేయించే మేస్త్రీ గుడ్లురిమాడు. పోరా అనుకున్నాను.

మా వంతు వచ్చింది. టీచరమ్మ పేరడిగి రాసుకుంది. "వయసెంతమ్మా?" అంది.

మా కత్తెర చేతులు కట్టుకుని, తల పైకెత్తి, "పద్నాలుగు నిండాయి మేడం," అంది.



"పద్నాలుగా? అంత వయసున్నట్టు లేవే!"

"తిండి సరిగా తినను మేడం, అందుకే ఎదగలేదు," అంది, అక్షరం పొల్లుపోకుండా.

"ఒసేయ్! నీ నోరు పడిపోను! ఏం వాగుతున్నావే?" అని దాని మీద విరుచుకుపడ్డాను.

అది బిత్తరపోయింది. "నువ్వే కదా అమ్మమ్మా చెప్పమన్నావు! రిజిస్టరు పట్టుకుని ఎవరొచ్చి అడిగినా ఇలాగే చెప్పాలన్నావు కదా!"

నిజమే, నేర్పింది నేనే. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదట. షెడ్డుకి తనిఖీవాళ్లు వస్తే చిన్నప్పుడు దాన్ని బట్టల మూటల వెనక దాచేదాన్ని. కాస్త ఎత్తు పెరిగాక ఈ పాఠం చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నిద్రలో లేపి అడిగినా తడబడకూడదని వల్లె వేయించాను. తిండి మాట కూడా నాదే.

టీచరమ్మ కలం ఆపేసింది. "పన్నెండు దాటితే ఈ బడిలో చేర్చుకోలేనమ్మా. అదేం చిత్రమో, ఈ సందులో పొద్దుట్నుంచి వచ్చిన పదకొండు మందికీ పద్నాలుగే. అందరూ ఒకే ఏడు పుట్టారా ఏంటి? అందర్నీ వెనక్కి పంపేశాను."

ఇంతలో మేస్త్రీ రానే వచ్చాడు. "అవును మేడం, మా దగ్గర అందరూ పద్నాలుగు దాటినవాళ్లే. ఇంక పద ముసలమ్మా, చొక్కాలు పేరుకుపోతున్నాయి," అన్నాడు.

నేను కదల్లేదు. "అబద్ధం మేడం. దానికి పదేళ్లే. ఆ అబద్ధం నేర్పింది నేనే," అన్నాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"నాకు నమ్మకమే. కానీ కాగితం చూపించకపోతే కుదరదు. ఏదైనా ఉందా?"

"ఉంది! టైమెంత?"

"ఇంకా పది నిమిషాలున్నాయి."

కొంగు బిగించి షెడ్డులోకి పరుగెత్తాను. దాని పుట్టిన తేదీ రాసున్న టీకాల కార్డు నా గుండీల డబ్బా అడుగున ఉంది. తనిఖీవాళ్లు పెట్టెలు వెతుకుతారు గానీ గుండీలు కెలకరు కదా అని అక్కడ దాచాను. డబ్బా మీద చెయ్యి వేశానో లేదో, వెనకే మేస్త్రీ.

"ఆ కార్డు బయటికి తీస్తే రేపట్నుంచి ఈ షెడ్డులో నీకు పని లేదు. నీ కూతురిక్కూడా."

నా చెయ్యి ఆగింది. అబద్ధమెందుకు, ఆగింది. ఇస్త్రీ బల్ల దగ్గరున్న నా కూతురి వైపు చూశాను. అది ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి, "చూస్తావేంటమ్మా, తియ్యి!" అని అరిచింది.

డబ్బా ఎత్తి కటింగు బల్ల మీద బోర్లించాను. గుండీలన్నీ గలగలా దొర్లి మేస్త్రీ కాళ్ల కింద పడ్డాయి. కార్డు అందుకుని, షెడ్డంతా దద్దరిల్లేలా కేకేశాను: "ఒసేయ్, కూర్చుని కుడతారేంటే! మీ పిల్లలు కూడా పద్నాలుగని చెప్పబట్టే వెనక్కి పంపారు! కార్డులు ఎక్కడ దాచారో తీయండి, వ్యాను పోతోంది!"

మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒకామె మిషను సొరుగు లాగింది, ఒకామె మూట విప్పింది, ఒకామె రవికలోంచే తీసింది. "మావాడికి తొమ్మిదే!" "మాదానికి ఎనిమిది కూడా లేవు!" ఎవరి పిల్లల్ని వాళ్లు రెక్క పట్టుకుని నా వెనక పరుగు. అందర్నీ పనిలోంచి ఎలా తీసేస్తాడు? చొక్కాలు వాడు కుడతాడా? మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయో గానీ అందరికంటే ముందు నేనే ఉన్నాను.

టీచరమ్మ ఆ గుంపును చూసి లేచి నిలబడింది. "డ్రైవరుగారూ, బండి ఆపండి! అందరూ ఎక్కాకే కదలాలి!" అంది. మా కార్డు చూసి, పద్నాలుగు కొట్టేసి, పక్కన పది అని రాసింది.

మా కత్తెర ఆ కార్డును తలకిందులుగా పట్టుకుని చూస్తోంది.

"అమ్మమ్మా, నాకు నిజంగా పదేళ్లేనా?"

"పదేనే."

"పోయినేడూ పద్నాలుగే, ఈ ఏడూ పద్నాలుగే. నా వయసు పెరగదేంటా అనుకునేదాన్ని."

నా అబద్ధం తనిఖీవాళ్లు నమ్మారో లేదో గానీ ఈ పిచ్చితల్లి నమ్మింది. అది వేళ్లు మడిచింది. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఒక్కసారిగా ఎగిరి గంతేసింది.

"అయితే పద్నాలుగు రావడానికి నాకింకా నాలుగేళ్లున్నాయి!" అని సందంతా వినబడేలా అరుస్తూ వ్యాను ఎక్కేసింది.

"ఉన్నాయే తల్లీ, ఉన్నాయి!" అని నేనూ అరిచాను. ఏడుస్తూనే అరిచాను.